ప్రాణదాత యల్లాప్రగడ సుబ్బారావు

మానవజాతికి మహోపకారం చేసిన వారందరి పేర్లూ లోకానికి తెలియవు. కొందరి పేర్లు శిలాఫలకాలపై చిరకాలం వెలుగుతాయి. మరికొందరి కృషి మాత్రం పేరు చెప్పుకోకుండానే ఇంటింటికీ చేరి మేలు చేస్తుంది. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ కొబ్బరితోటలతో, పంటకాలువలతో కనువిందు చేసే కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల ప్రజలకు బోదకాలు చిరపరిచితమైన వ్యాధి. దాని నివారణకు ఆరోగ్య కార్యకర్తలు గడపగడపకూ తిరిగి ఇచ్చిన మాత్ర, గర్భిణులకు వైద్యులు తప్పక వాడమనే ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ ఆసుపత్రులలో రోగుల ఆయుష్షును పొడిగించే మెథోట్రెక్సేట్ అనే ఔషధం ఒకదానికొకటి సంబంధం లేనివిగా కనిపిస్తాయి. కాని ఈ మూడింటి వెనుకా ఒకే తెలుగువాని మేధస్సు ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. కోనసీమకు పడమటి ఎల్లగా ప్రవహించే వశిష్ఠను దాటితే కనిపించే డెల్టా సీమ అది. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం విరమించవలసి రావడంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. బాల్యంలోనే సుబ్బారావు పేదరికాన్నీ, ఇంట్లోని రోగబాధలనూ కళ్లారా చూశారు.

రాజమండ్రిలో చదువుకొనే రోజులలో సుబ్బారావు మనసు పుస్తకాలపై నిలవలేదు. పదమూడేళ్ల వయసులో ధనం సంపాదించాలనే కోరికతో ఒక బంధువును వెంటబెట్టుకొని ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనవంతులు కావాలన్నది ఆ పిల్లల ఆలోచన. పెద్దలు వెంటనే వెతికి పట్టుకొని ఇంటికి తీసుకువచ్చారు. కొడుకును ఎలాగైనా విద్యావంతుణ్ణి చేయాలన్నది వెంకమ్మ గారి పట్టుదల. భర్త మరణించిన తరువాత కూడా ఆమె ఆ సంకల్పాన్ని వదలక, తన నగలు అమ్మి కుమారుని చదివించారు. అయినా సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పారు. చివరకు మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. తరువాతి కాలంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులను సైతం ఆశ్చర్యపరచిన శాస్త్రవేత్త తొలి పరీక్షలో పొందిన ఫలితం అది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివేనాటికి సుబ్బారావులో పెద్ద మార్పు వచ్చింది. గణితంలో ఆయన చక్కని ప్రతిభ చూపారు. అయితే అదే సమయంలో ఆధ్యాత్మిక చింతన ఆయనను బలంగా ఆకర్షించింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని ఆయన తలపోశారు. తల్లి అందుకు అంగీకరించలేదు. తల్లి అనుమతి లేనిదే మఠంలో చేర్చుకోలేమని అక్కడి పెద్దలు నచ్చజెప్పి, వైద్యవిద్య అభ్యసిస్తే రోగులకు సేవ చేసే మార్గం దొరుకుతుందని సూచించారు. ఆ మాట సుబ్బారావు జీవితాన్ని మలుపు తిప్పింది. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. కాషాయం ధరించకపోయినా, ఆయన శేష జీవితంలో సన్యాసికి ఉండవలసిన నిరాడంబరత, ఏకాగ్రత కడవరకు నిలిచాయి.

వైద్యవిద్యకయ్యే ఖర్చు భరించగల స్తోమత ఆయనకు లేదు. మిత్రులు కొంత తోడ్పడ్డారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆర్థికంగా ఆదుకొని, 1919లో తమ కుమార్తె శేషగిరిని ఇచ్చి వివాహం చేశారు. అవి జాతీయోద్యమం ఉప్పొంగుతున్న రోజులు. గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు విదేశీ వస్త్రాలను విడిచి ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స విభాగపు ఆంగ్లేయ ఆచార్యునికి ఇది రుచించలేదు. రాతపరీక్షలన్నింటిలో రాణించినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా లభించలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వ వైద్యసేవలో ఉద్యోగానికి చేసిన ప్రయత్నమూ ఫలించలేదు.

ఆ యౌవన దశలోనే ఆయన కుటుంబాన్ని ఒక ఘోర విపత్తు కుంగదీసింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి ఆయన సోదరులు ఇద్దరు కొద్దిరోజుల వ్యవధిలోనే బలి అయ్యారు. మన పెద్దలు సంగ్రహణి అని పిలిచే లక్షణాలు ఈ వ్యాధిలో కనిపిస్తాయి. తిన్న ఆహారం ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నోరు పూసి, రక్తం క్షీణించి, రోగి రోజురోజుకూ శుష్కించిపోతాడు. దీనికి కారణమేమిటో, మందేమిటో ఆనాటి వైద్యశాస్త్రానికి తెలియదు. చేతిలో వైద్యవిద్య ఉండి కూడా తోబుట్టువులను కాపాడుకోలేకపోయిన వేదన సుబ్బారావు హృదయంలో నాటుకుపోయింది. తెలియని కారణాన్ని తెలుసుకోవడమే ఇక తన కర్తవ్యమని ఆయన భావించారు.

డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆధ్వర్యంలో మద్రాసులో నడుస్తున్న ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావు శరీరశాస్త్ర అధ్యాపకులుగా చేరారు. మన ప్రాచీన ఔషధాలకు గల రోగనివారణ శక్తి ఆయనను ముగ్ధుణ్ణి చేసింది. వాటిలోని సారాన్ని ఆధునిక రసాయనశాస్త్ర పద్ధతులలో పరిశోధించాలన్న ఉత్సాహం కలిగింది. అందుకు తగిన ప్రయోగశాలలు ఇక్కడ లేవు. అమెరికా వెళ్లాలని నిశ్చయించుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు మరికొంత ధనం సమకూర్చారు. భార్యను పుట్టింట విడిచి సుబ్బారావు ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. మూడేళ్లలో తిరిగి వస్తానన్న ఆశతో వెళ్లిన ఆయన మళ్లీ స్వదేశాన్ని చూడలేదు.

హార్వర్డ్‌లోని ఉష్ణమండల వైద్య విద్యాలయంలో ప్రవేశం లభించింది గాని, ఆయన వద్ద నున్న ఎల్.ఎం.ఎస్. పట్టాకు అక్కడ విలువ లేదు. వైద్యవృత్తి చేసే అర్హత లేనందున ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా చేరారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసి, ఆ వచ్చిన కూలితో పొట్ట పోసుకుంటూ పగలు చదువు సాగించారు. ఇంతలో ఇంటినుంచి దుర్వార్త వచ్చింది. తాను కళ్లారా చూడని పసికుమారుడు మరణించాడన్నదే ఆ వార్త. ఇంటికి తిరిగి వెళ్లడానికి చేతిలో డబ్బు లేదు. చేపట్టిన పని వదిలిపెట్టడానికి మనసు ఒప్పలేదు. ఆయన దుఃఖాన్ని దిగమింగుకొని ప్రయోగశాలలోనే ఊరట వెతుక్కున్నారు.

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత ఆయన హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన ప్రారంభించారు. రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతి అప్పటికి లేదు. ఆ లోటును తీర్చే సులువైన విధానాన్ని వారిద్దరూ రూపొందించి 1925లో ప్రకటించారు. భాస్వరమున్న ద్రావణంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు ఏర్పడుతుంది. ఆ రంగు గాఢతను బట్టి భాస్వరం ఎంత ఉన్నదో చెప్పవచ్చు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి చెందిన ఈ విధానాన్ని జీవరసాయన విద్యార్థులు నేటికీ నేర్చుకొంటారు.

ఈ కొలమానమే మరింత పెద్ద రహస్యానికి తలుపు తెరిచింది. కండరం పనిచేయడానికి కావలసిన శక్తి ఎక్కడనుంచి వస్తుందన్నది ఆనాటి శాస్త్రలోకాన్ని వేధిస్తున్న ప్రశ్న. లాక్టిక్ ఆమ్లమే దీనికి మూలమని అప్పటి ప్రముఖ శాస్త్రవేత్తలు నమ్మేవారు. ఫిస్క్, సుబ్బారావు 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొని ఆ నమ్మకాన్ని కదిలించారు. 1929లో ఏ.టి.పి. అనే అణువును వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. మనం అడుగు వేసినా, ఊపిరి తీసినా, ఆలోచించినా ఖర్చయ్యే శక్తికి నాణెం వంటిది ఈ ఏ.టి.పి. నేడు ఇంటర్మీడియట్ జీవశాస్త్ర పుస్తకంలో ఆ మూడక్షరాలను చదవని విద్యార్థి ఉండడు. 1930లో హార్వర్డ్ ఆయనకు డాక్టరేట్ పట్టం ఇచ్చింది.

ఇంత సాధించినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఆచార్య పదవి లభించలేదు. ఏళ్ల తరబడి చిన్న హోదాలోనే పనిచేశారు. 1930ల కాలంలో ఆయన దృష్టి కాలేయం వైపు మళ్లింది. ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనత కాలేయపు సారంతో నయమవుతుందని కనుగొన్న ముగ్గురు అమెరికా వైద్యులకు 1934లో నోబెల్ బహుమతి లభించింది. ఆ సారంలో మందుగా పనిచేసే పదార్థం ఏదో మాత్రం తేలలేదు. దానిని వేరుచేయాలని సుబ్బారావు ఎంతగానో శ్రమించారు. చివరకు 1940లో హార్వర్డ్‌ను విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్దనున్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఒంటరిగా పనిచేసిన శాస్త్రవేత్త చేతికి రసాయనికులు, జీవశాస్త్రజ్ఞులు, వైద్యులతో కూడిన ఒక పెద్ద బృందం వచ్చింది. తరువాతి ఎనిమిదేళ్లలో ఆ బృందం సాధించిన విజయాలు ఒక్కొక్కటీ ఒక్కొక్క జీవితకాలపు కృషికి సాటివచ్చేవి.

వాటిలో మొదటిది ఫోలిక్ ఆమ్లం. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణులను పీడిస్తున్న రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని గమనించారు. 1941లో మరికొందరు శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థాన్ని తీసి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ పదం ఆధారంగా దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. అయితే టన్నులకొద్దీ ఆకుల నుంచి వచ్చేది చిటికెడు మాత్రమే. సుబ్బారావు బృందం దాని నిర్మాణాన్ని ఛేదించి 1945లో ప్రయోగశాలలోనే కృత్రిమంగా తయారు చేసింది. వెంటనే వైద్యులు దానిని ఉష్ణమండలపు స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. మంచాన పడినవారి నాలుక మీది పుండ్లు మానాయి, ఆకలి పుట్టింది, రక్తం వృద్ధి చెందింది. తన సోదరులను కబళించిన వ్యాధికి ఇరవై ఏళ్లు దాటిన తరువాత సుబ్బారావు బృందం మందు అందించింది. సోదరులు తిరిగిరారు. కాని అటువంటి మరెందరో సోదరులు బతికారు.

ఫోలిక్ ఆమ్లం ప్రాణం పోసేది. దానికి విరుద్ధంగా పనిచేసే పదార్థం కూడా ప్రాణం పోయగలదని నిరూపించడం సుబ్బారావు బృందపు రెండవ విజయం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో బాధపడే చిన్నపిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గకపోగా మరింత వేగంగా పెరిగినట్లు కనిపించింది. ఈ ఆమ్లం రక్తకణాల వృద్ధికి ఆహారమైతే, అదుపు తప్పిన కణాలకు కూడా అదే ఆహారమవుతుంది. కాబట్టి ఆ ఆహారాన్ని అడ్డుకొనే పదార్థం కావాలి. ఫోలిక్ ఆమ్లం వలెనే కనిపిస్తూ దాని పని చేయని అణువులను లెడర్లీ శాస్త్రజ్ఞులు తయారు చేసి పంపారు. తాళంలో దూరుతుంది గాని తిరగని దొంగ తాళంచెవి వంటివి అవి. అసలు తాళంచెవి లోపలికి పోవడానికి ఇక చోటు ఉండదు. అమినోప్టెరిన్ అనే అటువంటి పదార్థాన్ని 1947 చివరలో ఫార్బర్ వాడడం ప్రారంభించాడు. చికిత్స పొందిన పదహారుమంది పిల్లలలో పదిమందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ గుణం కొద్ది నెలలే నిలిచింది. అయినా మందుతో రక్త క్యాన్సర్ తగ్గుముఖం పట్టడం అంతవరకు ఎవరూ ఎరుగని సంగతి. క్యాన్సర్‌కు ఔషధ చికిత్స అనే శాస్త్రశాఖ ఎదుగుదలకు అది బలమైన పునాది అయింది.

మూడవది మన గోదావరి జిల్లాలకు ప్రత్యేకంగా మేలు చేసినది. బోదకాలుకు కారణం దారం వంటి సన్నని ఫైలేరియా పురుగు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దానిని ఒకరి నుంచి మరొకరికి చేరుస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాలలో కాపురముండి వాటిని దెబ్బతీయగా కాళ్లు వాచి ఏనుగు కాళ్లవలె అవుతాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకడంతో దానిపై పరిశోధన ముమ్మరమైంది. సుబ్బారావు బృందం 1947లో హెట్రజాన్ అనే మందును లోకానికి అందించింది. దాని రసాయన నామం డైఇథైల్ కార్బమజీన్, క్లుప్తంగా డి.ఇ.సి. అంటారు. రక్తంలో తిరిగే పిల్ల పురుగులను అది నశింపజేస్తుంది. అందువల్ల దోమకు పురుగు దొరకదు, వ్యాధి మరొకరికి పాకదు. భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2004 నుంచి వ్యాధి ఉన్న జిల్లాలలో ఏటా ఒకసారి ప్రజలందరికీ ఈ మాత్రలు పంచే పథకం అమలైంది. ఆ జిల్లాలలో తూర్పు గోదావరి ఒకటి. కోనసీమ అప్పుడు అందులోని భాగం. రోగం బయటపడక ముందే మాత్ర మింగడం ఎందుకని సందేహించిన వారు లేకపోలేదు. కాని వాచిన కాలిని ఈ మందు మునుపటి రూపానికి తేలేదు. వాపు రాకముందే వేసుకోవడంలోనే దాని ప్రయోజనమంతా ఉంది.

వృక్షశాస్త్ర ఆచార్యునిగా పదవీ విరమణ చేసి, డెబ్బై ఏళ్లు పైబడిన బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయనకు లెడర్లీలో పరిశోధించే అవకాశం లభించింది. మట్టిలోని సూక్ష్మజీవులను వెతకగా ఆయనకు ఆరియోమైసిన్ దొరికింది. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయోటిక్ మందులలో అదే మొదటిది. 1948లో అది వెలుగులోకి వచ్చింది. పెన్సిలిన్‌కు లొంగని అనేక రోగాలను అది లొంగదీసింది.

ఆ సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయసు యాభై మూడేళ్లు. తాను నాటిన విత్తనాలు మొలకెత్తడం మాత్రమే ఆయన చూశారు. అవి మహావృక్షాలు కావడం చూడలేదు. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది కావస్తున్నది. భారతీయులు అమెరికా పౌరులు కావడానికి 1946లో అక్కడి చట్టం అనుమతించినా ఆయన ఆ పౌరసత్వం తీసుకోలేదు. అయితే స్వదేశానికి తిరిగి రాలేదు, భార్యను అక్కడికి పిలిపించుకోలేదు. ఇరవై ఆరేళ్లపాటు శేషగిరి గారు ఎదురుచూపులతోనే గడిపారు. లోకానికి ఆయన చేసిన ఉపకారాన్ని లెక్కించేటప్పుడు దానికి ఈ ఇల్లాలు చెల్లించిన మూల్యాన్ని కూడా మరువకూడదు.

ఆయన తదనంతరం అమినోప్టెరిన్ స్థానంలో దానికి సోదరి వంటి మెథోట్రెక్సేట్ వాడుకలోకి వచ్చింది. 1956లో మాయకు సంబంధించిన కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ సోకిన స్త్రీకి ఈ మందుతో వ్యాధి పూర్తిగా నయమైంది. గడ్డకట్టిన క్యాన్సర్‌ను కేవలం మందుతో నయం చేయడం వైద్య చరిత్రలో అదే ప్రథమం. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో మెథోట్రెక్సేట్‌కు నేటికీ ముఖ్య స్థానముంది. కీళ్లవాతానికి, చర్మం పొలుసులుగా రాలే సోరియాసిస్ వ్యాధికి కూడా దానిని తక్కువ మోతాదులో వాడుతున్నారు.

చర్మం మాట వచ్చింది కనుక, ఈ పరిశోధన విలువను తెలిపే ఒక అరుదైన వ్యాధిని ఇక్కడ పరిశీలించాలి. చేతివేళ్ల మీద, గోళ్ల అంచున పులిపిరులు రావడం సామాన్యమే. హ్యూమన్ పాపిల్లోమా అనే వైరస్ వీటికి కారణం. ఈ వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నాయి. వాటిలో చాలావరకు ప్రమాదం లేనివే. పులిపిరులు కొంతకాలానికి వాటంతట అవే పోవచ్చు. అయితే పదహారవ రకం వంటి కొన్ని వైరస్‌లు ఎంతో అరుదుగా గోరు చుట్టూ ఉన్న చర్మంలో క్యాన్సర్‌ను పుట్టిస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన రకం కూడా ఇదే. 1983లో దీనిని గుర్తించిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు చాలా ముందే, సుబ్బారావు బోస్టన్ చేరిన 1922లోనే, లెవాండోవ్‌స్కీ, లుట్జ్ అనే వైద్యులు ఒక విచిత్ర చర్మవ్యాధిని వర్ణించారు. ఆ వ్యాధి ఉన్నవారికి చిన్ననాటి నుంచి చేతులు, పాదాలు, ముఖం మీద పులిపిరుల వంటి మచ్చలు వ్యాపించి, ఎండ తగిలే చోట్ల కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. వైరస్‌కూ చర్మ క్యాన్సర్‌కూ గల బంధాన్ని మనుషులలో చూపిన తొలి ఉదాహరణలలో అది ఒకటి.

వైరస్ క్యాన్సర్‌ను ఎలా కలిగిస్తుంది? మన శరీరంలోని చాలా కణాలకు అవసరమైనప్పుడు విభజన చెందే శక్తితోపాటు, చాలనుకున్నప్పుడు ఆగే పగ్గాలు కూడా ఉంటాయి. ప్రమాదకరమైన పాపిల్లోమా వైరస్ తన ప్రొటీన్లతో ఆ పగ్గాలను తెంచివేస్తుంది. పగ్గం తెగిన కణం ఆగకుండా విభజన చెందుతుంది. విభజన జరిగిన ప్రతిసారీ కణం తన డి.ఎన్.ఏ.కు కొత్త ప్రతి తయారు చేసుకోవాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. ఈ బలహీనతనే మెథోట్రెక్సేట్ పట్టుకొంటుంది. పగ్గం తెంచింది వైరస్ అయినా, సూర్యకిరణమైనా, మరే కారణమైనా, విభజన చెందే కణం ఈ ఆహారం లేకుండా ముందుకు సాగలేదు. అందుచేతనే ఈ మందు ఒక్క రోగానికి పరిమితం కాలేదు. వేళ్ల మీది క్యాన్సర్‌కు ప్రధాన చికిత్స శస్త్రచికిత్సే. అయినప్పటికీ కెరటోఅకాంథోమా వంటి కొన్ని చర్మ కణుతులలోకి మెథోట్రెక్సేట్‌ను సూదిమందుగా ఎక్కించి వాటిని కరిగించే పద్ధతి కూడా వైద్యులు అనుసరిస్తున్నారు. కొన్ని రకాల చర్మ లింఫోమాలలో సైతం దానిని వాడుతున్నారు.

సుబ్బారావు జీవించి ఉన్న కాలంలోనే ఇటువంటి సంఘటన ఒకటి జరిగింది. అమెరికా ప్రజల ఆరాధ్య బేస్‌బాల్ క్రీడాకారుడు బేబ్ రూత్‌కు ముక్కు వెనుక భాగంలో క్యాన్సర్ వచ్చింది. 1947లో ఆయనకు లెడర్లీలో తయారైన టెరోప్టెరిన్ అనే ఫోలిక్ ఆమ్ల జాతి మందును ఇచ్చారు. కొంతకాలం మెడ మీది గడ్డలు తగ్గి ఆయన తేరుకున్నారు. కాని ఆ మేలు నిలవలేదు. సుబ్బారావు కన్నుమూసిన నెలలోనే ఆయన కూడా మరణించారు. ఆ చోట వచ్చే క్యాన్సర్‌కు ఎప్‌స్టీన్–బార్ అనే వైరస్‌తో సంబంధముందని తరువాతి దశాబ్దాలలో తేలింది. ఆ వైరస్‌ను 1964లో గాని గుర్తించలేదు. శత్రువు ఎవరో తెలియని కాలంలోనే సుబ్బారావు తరం శాస్త్రజ్ఞులు యుద్ధం చేశారు.

ఇక్కడ మనం గ్రహించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. వేలి మీద, గోరు పక్కన వచ్చిన పులిపిరి వంటి మచ్చ నెలలు గడిచినా మానక, రక్తం కారుతున్నా, గోరును చీల్చుతున్నా, దానిని కత్తిరించుకోవడం, కాల్చుకోవడం, ఆకుపసర్లు వేసుకోవడం మాని చర్మవైద్యుణ్ణి సంప్రదించాలి. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే వ్యాధి ఏదో తేలుతుంది. తొలిదశలో గుర్తిస్తే తరచుగా వేలిని కాపాడవచ్చు. ఆలస్యమైతే వేలినే తీసివేయవలసి రావచ్చు. మెథోట్రెక్సేట్ కూడా సొంత నిర్ణయంతో వాడదగిన మందు కాదు. అది క్యాన్సర్ కణాలనే గాక మూలుగలోని ఆరోగ్యవంతమైన కణాలను కూడా దెబ్బతీయగలదు. కాబట్టి వైద్యుని పర్యవేక్షణ, క్రమం తప్పని రక్తపరీక్షలు అవసరం. తక్కువ మోతాదులో వాడేవారికి దుష్ఫలితాలు తగ్గడానికి వైద్యులు ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా ఇస్తారు. మందూ ఆ బృందానిదే, దాని విరుగుడూ ఆ బృందానిదే కావడం విశేషం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అత్యవసర ఔషధాల జాబితాలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, డైఇథైల్ కార్బమజీన్ మూడూ ఉన్నాయి. ఇన్ని మందులకు మూలపురుషుడైన సుబ్బారావుకు నోబెల్ బహుమతి రాలేదు. అనేక పరిశోధన పత్రాలలో ఆయన తన సహచరుల పేర్లను ముందు నిలిపి తన పేరును వెనుకకు నెట్టుకున్నారు. పత్రికలవారికి దూరంగా ఉండేవారు. ఫలం కంటె పని గొప్పదన్న భావన ఆయనలో స్థిరంగా ఉండేది. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలాబిళ్ల విడుదల చేసింది. శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్ర జాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

సుబ్బారావు జీవితం యువతకు అనేక విషయాలు బోధిస్తుంది. పరీక్షలో తప్పడం జీవితంలో ఓడిపోవడం కాదు. పట్టా చిన్నదైనంత మాత్రాన ప్రతిభ చిన్నది కాదు. ఏ పనీ నీచమైనది కాదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఒక దుఃఖాన్ని ఎదుర్కొన్నప్పుడు దానిని తలచుకొని కుమిలిపోవడమే గాక, ఆ దుఃఖం మరొకరికి కలగకుండా చేయవచ్చునని ఆయన చూపారు. సంగ్రహణికి కారణం వెతకబోయి ఆయన రక్తహీనతకు మందు సాధించారు. ఆ మందును తలకిందులు చేసి క్యాన్సర్‌కు ఆయుధం తయారు చేయించారు. శాస్త్రజ్ఞానం ఒక దీపం వంటిది. దానిని ఏ గదిలో వెలిగించినా వెలుగు పక్క గదిలోకి కూడా ప్రసరిస్తుంది. భీమవరంలో పుట్టి, పెర్ల్ రివర్‌లో శ్రమించి, పేరు ఆశించని ఆ మహనీయుడు వెలిగించిన దీపపు కాంతిలో నేటికీ ఎందరో రోగులు కోలుకొంటున్నారు.